మొదలు చుట్టూ మూరెడు పొడి నేల

నిమ్మ తోటలోకి అడుగుపెట్టిన వాళ్ల చూపు ముందు కాయ మీదికి పోతుంది. తోట పెంచిన మనిషి పనితనం తెలియాలంటే మాత్రం కాస్త వంగి చెట్టు మొదలు చూడాలి. అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైన కనిపిస్తూ, మాను చుట్టూ మూరెడు మేర మట్టి కొంచెం ఎత్తుగా పొడిగా ఉండి, నీళ్లు ఆ పొడి మట్టికి అవతలి పాదిలోనే నిలిచి, మానుకు రెండు మూడు అడుగుల ఎత్తు వరకు లేత నీలం పూత ఉంటే, ఆ రైతుకు చెట్టు గురించి తెలియాల్సింది తెలుసు. ఈ నాలుగు పనుల్లో ఏదీ పెద్ద ఖర్చుతో కూడింది కాదు. పార, కత్తి, మైలుతుత్తం, సున్నం చాలు. కానీ వీటిలో ఒక్కొక్కటీ తెగులు బతుకులో ఒక్కో మెట్టును విరగ్గొడుతుంది. నాకు ఈ పని మీద ఇంత గౌరవం కలగడానికి కారణం అదే.

జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో ఈ పని విలువ ఇంకా పెరుగుతుంది. 2022 ఏప్రిల్ నుంచి ఈ ఊళ్లు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నా, చాలామంది నోట ఇది ఇప్పటికీ కృష్ణా జిల్లా మెట్టే. పత్తి, మిర్చి, మామిడి తర్వాతే ఇక్కడ నిమ్మ, బత్తాయి పేర్లు వినిపిస్తాయి. సరిహద్దు దాటితే బత్తాయికి పేరుపడ్డ నల్లగొండ సీమ. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. వాన పడితే రేగడి నేల నీళ్లను పట్టుకుని ఓ పట్టాన వదలదు. 2023 జూలై చివర్లోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ మున్నేరు పొంగి నందిగామ పక్కన ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి వచ్చింది, హైదరాబాద్-విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. రోడ్డు మీది నీళ్లు తగ్గాక బళ్లు మళ్లీ తిరిగాయి. చెట్టు మొదట్లో నిలిచిన నీళ్లు చేసిన చేటు మాత్రం నెలల తర్వాత గాని బయటపడదు. మాను మీద బెరడు నల్లబడి, చిట్లి, తేనె రంగు జిగురు కారుతుంది. ఆకులు నడిమి ఈనె దగ్గర పసుపుపచ్చగా మారతాయి. ఆ ఏడు చెట్టు విపరీతంగా పూస్తుంది, కాయలు నిలవవు. రైతులు దీన్ని బంక తెగులు అంటారు.

బంక తెగులు తెచ్చే జీవి ఫైటోఫ్తోరా. మట్టిలో గట్టి కవచం కట్టుకుని ఏళ్ల తరబడి ఊరికే పడి ఉంటుంది. నేల నీళ్లతో నిండగానే మేలుకుని, రెండేసి తోకలున్న సూక్ష్మమైన బీజాలను వదులుతుంది. అవి నీళ్లలో ఈదుతాయి. లేత వేర్ల కొనల నుంచి ఊరే చక్కెరల జాడ పట్టుకుని వేరు దాకా చేరతాయి. వాన చినుకులు మట్టిని ఎగజిమ్మితే మాను మీదికి, కిందికి వాలిన కాయల మీదికి కూడా ఎక్కుతాయి. కాలవ నీళ్లు ఒక చెట్టు మొదలు తడిపి ఆ పక్క చెట్టుకు పారితే, తెగులు కూడా వరస పొడవునా వాటితోనే పోతుంది. నీళ్లు లేకపోతే అది ఈదలేదు. రైతు చేసే పని అంతా ఈ ఒక్క బలహీనత మీద కట్టిందే.

ఈ జాతితో తెలుగు నేలకు పాత పరిచయం ఉంది. గోదావరి డెల్టాలో తాటిచెట్ల మొవ్వులు కుళ్లి చెట్లు వరసగా చచ్చిపోతుంటే, అప్పటి ఇంపీరియల్ మైకాలజిస్టు ఇ.జె. బట్లర్ పరిశీలించి, 1907లో ఆ జీవిని శాస్త్రానికి పరిచయం చేశాడు. ఇప్పుడు దాన్ని ఫైటోఫ్తోరా పామివోరా అంటారు. ప్రపంచమంతటా కోకో, రబ్బరు, నిమ్మ తోటల్లో దాని పేరు చెప్పుకుంటారు. నిమ్మజాతిలో బంక తెగులుకు మరింత తరచుగా కారణమయ్యే ఫైటోఫ్తోరా నికోషియానే దాని దాయాదే.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల రైతులు బోలెడంత డబ్బు పోగొట్టుకుంటున్నారు. చూపుకు బూజులా కనిపించినా ఫైటోఫ్తోరా నిజమైన శిలీంధ్రం కాదు. దాని కణాల గోడ ప్రధానంగా సెల్యులోజ్ తరహా పదార్థంతో కట్టింది, వంశం ప్రకారం అది గోధుమ రంగు సముద్రపు నాచులకు దగ్గరి చుట్టం. అందుకే శిలీంధ్రాల మీద బాగా పనిచేసే కార్బెండజిమ్ దీన్ని ఏమీ చేయలేదు. బంక కారుతోందని చెప్పి కార్బెండజిమ్ కొని పాదిలో పోస్తే తెగులు తగ్గదు సరికదా, మట్టిలో ఉన్న మేలుచేసే శిలీంధ్రాలు చచ్చిపోతాయి. దీనికి పనిచేసే మందులు వేరే. మెటలాక్సిల్ వాటిలో ఒకటి. ఆకుల మీద చల్లితే వేరు దాకా దిగే ఫోసెటైల్ అల్యూమినియం ఇంకొకటి. మెటలాక్సిల్‌ను ఏడాదికి ఏడాది అదే పనిగా వాడితే దానికి లొంగని రకాలు పుట్టుకొస్తాయి. కాబట్టి మందు అక్కర ఆఖరున రావాలి. ముందు రావాల్సింది పార.

పార పని అంటే రెండు పాదుల పద్ధతి. మాను చుట్టూ మూర, మూరన్నర దూరంలో చిన్న గట్టు వేసి, ఆ గట్టు లోపల మట్టిని మాను వైపు వాలు పెంచి ఎగదోస్తారు. దానికి బయట, కొమ్మల చివరల నీడ పడే మేర వరకు ఇంకో గట్టు. నీళ్లు ఈ రెండు గట్ల మధ్యనే పారాలి. నీళ్లు తాగే సన్న వేర్లు చాలావరకు కొమ్మల నీడ కిందే పరుచుకుని ఉంటాయి కాబట్టి చెట్టుకు తాగునీరు తక్కువ పడదు, మాను మాత్రం పొడిగా ఉంటుంది. దీనికి తోడు కాలవ చెట్ల మొదళ్ల మీదుగా కాకుండా వరసల మధ్య పారి, ఒక్కో పాదికి విడిగా మళ్లితే, ఒక చెట్టు తెగులు ఇంకో చెట్టు గడప తొక్కదు. వానాకాలం పాదులు చెరిపి మురుగు కాలవలు తీయాలి. 2003లో రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం పథకం మొదలయ్యాక డ్రిప్పు గొట్టాలు చాలా తోటల్లోకి వచ్చాయి. ఆ గొట్టాన్ని మాను పక్కనే ఆనించి, చుక్కలన్నీ మొదట్లోనే పడేలా పెడితే ఇంత పద్ధతీ వృథా. గొట్టం మొక్కతో పాటు దూరం జరగాలి, చెట్టు పెరిగేకొద్దీ కొమ్మల చివర వైపు పోవాలి. రేగడిలో అయితే అసలు మొక్కను గుంటలో కాకుండా ఎత్తు కట్ట మీద నాటినవాడే ముందుచూపు ఉన్నవాడు.

అంతకన్నా ముందు నర్సరీలో జరిగే పని ఒకటుంది. బత్తాయిని నాటు వేరుమొక్క మీద కన్ను అంటు కడతారు. వేరుమొక్క కాండం మీద టీ ఆకారంలో గాటు పెట్టి, బెరడు లేపి, మంచి తల్లి చెట్టు నుంచి తీసిన కన్నును అందులో జొనిపి కడతారు. గాటు నేలకు కనీసం తొమ్మిది అంగుళాల పైన పెట్టాలని చెబుతారు. మెత్తని బెరడున్న పైభాగానికి మట్టి తగలకూడదు, అంతే దాని రహస్యం. వేరుమొక్క బెరడు మట్టిలోని తెగులును తట్టుకుంటుంది, పైనున్న బత్తాయి బెరడు తట్టుకోలేదు. ఆ సంధి మట్టిలో కూరుకుపోయిన రోజు ఆ అంటుకు అర్థమే పోతుంది. నాటేటప్పుడు లోతు ఎక్కువైనా, తర్వాత ఎరువు పేరుతో మట్టి ఎగదోసినా జరిగేది అదే. కొని తెచ్చిన మొక్కకు సంధి ఎక్కడుందో చూసి గాని డబ్బులు ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

వేరుమొక్క ఎంపిక చరిత్ర చెప్పుకోదగ్గది. 1830ల్లో అట్లాంటిక్ మధ్యనున్న అజోర్స్ దీవుల్లో బంక తెగులు నారింజ తోటలను తుడిచిపెట్టింది. ఆ తర్వాత మధ్యధరా తీరమంతా గింజ మొక్కలు మానేసి, ఈ తెగులును తట్టుకునే పుల్ల నారింజ మీద అంటు కట్టడం అలవాటు చేసుకుంది. వందేళ్లకు ఆ పుల్ల నారింజ వేర్ల మీద నిలబడ్డ తోటలే ట్రిస్టెజా వైరస్‌కు బలై దక్షిణ అమెరికాలో లక్షల చెట్లు పోయాయి. బ్రెజిల్ రైతులు అప్పుడు ఆశ్రయించింది రంగపూర్ నిమ్మను. పాత బెంగాల్లోని రంగపూర్ పేరు మోసుకు తిరిగే మన వైపు చెట్టు అది. తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన స్థానం కూడా సాత్‌గుడి బత్తాయికి రంగపూర్ నిమ్మ వేరుమొక్కనే సిఫారసు చేసింది. జంబేరి అనే ఇంకో వేరుమొక్క మీద కట్టిన చెట్లు జోరుగా పెరుగుతాయి గాని ఎండు వేరుకుళ్లుకు తొందరగా లొంగుతాయి. జగ్గయ్యపేట వైపు ఇంకో లెక్క కూడా ఉంది. ఇది సున్నపురాయి నేల. ఊరి పక్క ధనంబోడులో బౌద్ధ స్తూపానికి శిల్పులు చెక్కిన పలకలు సున్నపురాతివే, ఇప్పటి సిమెంటు కర్మాగారాలు తవ్వుకునేదీ ఆ రాయినే. మట్టిలో సున్నం ఎక్కువైతే నిమ్మ చెట్టుకు ఇనుము, జింకు అందవు. లేత ఆకు ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలి తక్కినదంతా పాలిపోతుంది. దాన్ని వేరుకుళ్లు అనుకుని మందు పోసేవాళ్లున్నారు. రంగపూర్ నిమ్మ వేరు సున్నపు నేలను చాలావరకు ఓర్చుకుంటుంది. గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, తోట పెట్టకముందే నేల ఎలాంటిదో అక్కడ అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక కత్తి, నీలం పూత. నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది ఇక్కడే.

బంక కారే చోట పదునైన కత్తితో చచ్చిన బెరడును గీకి తీసేస్తారు. నల్లబడినంత వరకే తీసి ఆపితే తెగులు అంచున మిగిలిపోతుంది. చుట్టూ అర అంగుళం మేర పచ్చి బెరడు కూడా పోవాలి. కింది కలపకు గాటు పడకూడదు. గాయం అంచులు నున్నగా, నీళ్లు నిలవకుండా జారిపోయేలా రావాలి. గీకిన తుక్కు ఒక్క ముక్క కూడా పాదిలో పడకుండా గోనెపట్టా పరిచి పట్టుకుని కాల్చేస్తారు. కత్తిని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు తీసుకెళ్లే ముందు తుడిచి శుభ్రం చేయకపోతే తెగులును మనమే మోసుకెళ్లినట్టు. చేయి తిరిగినవాడు గీకిన గాయం చూస్తే కంసాలి పనిలా ఉంటుంది.

ఆ గాయానికి పూసేది బోర్డో ముద్ద. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఇంత సులువైన లెక్కలో ఎంత పనితనం దాగుందో చేసి చూస్తేనే తెలుస్తుంది. మైలుతుత్తం పలుకులను తొట్టిలో వేసి కర్రతో కలిపితే ఎంతకూ కరగవు. కరిగిన ద్రావణం బరువెక్కి అడుగున పేరుకుని పలుకులకు కొత్త నీళ్లు తగలనివ్వదు. అందుకే పలుకులను పలచటి గుడ్డలో మూటకట్టి, ఐదు లీటర్ల నీళ్లలో పైభాగాన మునిగేలా రాత్రి వేలాడదీస్తారు. కరిగిన బరువు ద్రావణం దానంతట అదే కిందికి జారుతుంది, ఆ ఖాళీలోకి మంచినీళ్లు వస్తాయి. తెల్లవారేసరికి మూట ఖాళీ. ఎవరూ కలపకుండా నీళ్లే తమ పని తాము చేసుకుపోతాయి.

సున్నం తాజాగా ఉండాలి. చాలా రోజులు గాలికి వదిలేసిన సున్నం బొగ్గుపులుసు గాలిని పీల్చుకుని సుద్దగా మారిపోతుంది, దానిలో పస ఉండదు. కాల్చిన సున్నపు రాయి మీద కొద్దికొద్దిగా నీళ్లు చిలకరిస్తే వేడెక్కి పొంగి పొడిగా రాలుతుంది. దాన్ని మిగిలిన ఐదు లీటర్ల నీళ్లలో కలిపి, గుడ్డలో వడగట్టి, పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద కలిపితే మందు నల్లబడి పాడవుతుంది. చల్లారాక సున్నపు పాలలోకి మైలుతుత్తం నీళ్లు సన్నటి ధారగా పోస్తూ కర్రతో తిప్పుతారు. ఆకాశనీలం రంగులో చిక్కటి ముద్ద తయారవుతుంది. పాత్ర ఇనుపదిగానీ జింకు పూసిన రేకుదిగానీ కాకూడదు, మైలుతుత్తంలోని రాగి దానికే అంటుకుపోతుంది. ప్లాస్టిక్ తొట్టి, మట్టి కుండ, చెక్క పీపా పనికొస్తాయి.

ఇనుమును దగ్గరికి రానివ్వని ఈ మందుకు పరీక్ష మాత్రం ఇనుముతోనే. మెరిసేలా రుద్దిన కత్తిని ఒక నిమిషం అందులో ముంచి తీస్తే, మీద ఎర్రటి పొర కట్టిందంటే సున్నం చాలలేదన్నమాట. ఇంకా విడిగా మిగిలిన మైలుతుత్తం బెరడును, ఆకును కాల్చేస్తుంది. కత్తి మెరుపు పోకుండా వచ్చేదాకా సున్నపు పాలు కలుపుతూ పోవాలి. ప్రయోగశాల లేకుండా పొలం గట్టు మీద, పదిపైసల ఖర్చు లేకుండా జరిగే ఈ రసాయన పరీక్ష వంద ఏళ్లకు పైగా నిలిచింది. మందును ఆ రోజే వాడేయాలి. మర్నాటికి కణాలు ముద్దకట్టి బెరడును పట్టుకోవు.

ఈ మిశ్రమం పుట్టిన కథ చాలామందికి తెలిసిందే. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర మెడాక్ ప్రాంతపు ద్రాక్ష తోటల్లో, దారిన పోయేవాళ్లు పళ్లు కోయకుండా అంచు వరసల మీద మైలుతుత్తం, సున్నం చిలకరించేవారు. ఆ వరసల ఆకులకే బూజు తెగులు రాలేదని 1882లో పియర్ మిలార్డె గమనించి, మూడేళ్ల ప్రయోగాల తర్వాత 1885లో ప్రకటించాడు. ద్రాక్షకు వచ్చిన ఆ బూజు కూడా ఫైటోఫ్తోరా వంశానిదే. ఆ జాతి నీటి జీవులకు రాగి పొసగదు. పూతలో కరగకుండా నిలిచిన రాగి, వాన తడికి ఇంచుక ఇంచుకగా విడుదలై, ఈదొచ్చిన బీజాలను మొలకెత్తకముందే చంపుతుంది. తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనకపట్టాక ఒకసారి మానుకు పూస్తారు. మాను చుట్టుకొలతలో సగానికి మించి బెరడు చచ్చిన చెట్టు మీద మాత్రం ఈ శ్రమ దండగ, దాన్ని తీసేయడమే మిగతా వరసకు మేలు.

మేలు చేస్తోంది కదా అని చెట్టంతా నీలం చేయడం మంచి పని కాదు. రాగి మట్టిలో కుళ్లిపోదు, ఎక్కడికీ పోదు, ఏటా పేరుకుంటుంది. వానపాములకు, వేర్లకు సాయపడే శిలీంధ్రాలకు అది పడదు. ఐరోపా సమాఖ్య 2019 నుంచి హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోల రాగిని మించకూడదని హద్దు పెట్టింది, అంటే సగటున ఏడాదికి 4 కిలోలు. మన లెక్క వేద్దాం. ఆరు మీటర్ల ఎడంలో హెక్టారుకు సుమారు 277 చెట్లు. ఒక శాతం బోర్డో మిశ్రమం చెట్టుకు 8 లీటర్ల చొప్పున చల్లితే 22 కిలోల మైలుతుత్తం పడుతుంది. అందులో నాలుగోవంతు రాగి కాబట్టి ఒక్క పిచికారికే అయిదున్నర కిలోలు. అదే మానుకు ముద్ద పూస్తే, చెట్టుకు పావు లీటరు చొప్పున కిలోన్నర నుంచి రెండు కిలోల రాగి సరిపోతుంది, అదీ చాలావరకు బెరడు మీదే ఉంటుంది. బ్యాక్టీరియా తెచ్చే గజ్జి తెగులు నిమ్మ ఆకులను, కాయలను పీడించే తోటలో రాగి పిచికారీ తప్పకపోవచ్చు. అలవాటుగా నెలకొకసారి కొట్టడం మాత్రం నేలకు అప్పు మీద అప్పు చేయడమే.

కార్బెండజిమ్ పనికొచ్చే తెగులు కూడా లేకపోలేదు. ఫ్యుజేరియం సొలాని అనే నిజమైన శిలీంధ్రం తెచ్చే ఎండు వేరుకుళ్లు అది. కాయల బరువుతో నిండుగా ఉన్న చెట్టు ఉన్నట్టుండి వాడిపోతుంది, ఎండిన ఆకులూ కాయలూ కొమ్మలకే వేలాడతాయి. వేరు బెరడు పీచులుగా ఊడొస్తుంది, దుర్వాసన కొడుతుంది. ఇది సాధారణంగా ముందే దెబ్బతిన్న వేర్లను పట్టుకుంటుంది. పూత కోసం బెట్ట పెట్టి, ఆ తర్వాత ఒక్కసారిగా ముంచెత్తే నీళ్లు, పార, నాగలి తగిలి తెగిన వేర్లు, మితిమీరిన కాపు, ఇవన్నీ దానికి తలుపులు తెరిచేవే. ఇక్కడ నేను ఎక్కువగా మెచ్చుకునేది ట్రైకోడెర్మా పెంపకం. తొంభై కిలోల చివికిన పశువుల ఎరువు, పది కిలోల వేపపిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడి చెట్టు నీడలో కలిపి, బెల్లం నీళ్లు చిలకరించి, తడి గోనెసంచులు కప్పి వారం పదిరోజులు ఉంచుతారు. తడి ఆరకూడదు, నీళ్లు కారకూడదు. గుప్పెట్లో పిండితే ఉండ కట్టి, నీటి చుక్క రాలకపోతే తడి సరిపోయినట్టు. కుప్ప మీద ఆకుపచ్చ బూజు పరుచుకున్నాక పాదుల్లో చల్లి మట్టితో కప్పుతారు. అది మట్టిలో చోటు ఆక్రమించి, తెగులు శిలీంధ్రాల తంతువులను చుట్టుకుని తినేస్తుంది. అదే పాదిలో అదే వారం కార్బెండజిమ్ పోస్తే ఈ శ్రమంతా బూడిదే, ఎందుకంటే ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే.

ఎండ కూడా ఒక పనిముట్టే. నారుమడి మట్టిని తడిపి, మే నెల ఎండలో పారదర్శకమైన పాలిథీన్ షీటు కప్పి అంచులు మట్టితో మూసి నాలుగైదు వారాలు వదిలేస్తే పైమట్టిలోని తెగులు బీజాలు ఉడికి చస్తాయి. ఇజ్రాయెల్‌లో కటాన్ బృందం 1976లో వివరించిన పద్ధతి ఇది. నందిగామ ఎండకు ఇంతకన్నా మంచి ఉపయోగం నాకు తోచదు.

ఎండుపుల్లల సంగతి చిన్నదే గాని వదలకూడదు. ఎండిన కొమ్మల్లో కాపురముండే శిలీంధ్రాలే తర్వాత తొడిమ దగ్గర కాయను కుళ్లబెడతాయి. కోత అయ్యాక పచ్చి కలప తగిలేదాకా ఎండు కొమ్మలు కత్తిరించి, కోసిన మొహానికి బోర్డో ముద్ద పెట్టి, పుల్లలను తోట బయట కాల్చితే రాబోయే కాపుకు సగం కాపలా కాసినట్టే.

కాయ కోసే చోట మళ్లీ చేతి పని. నిల్వలో కాయను ఆకుపచ్చ బూజుతో కప్పేసే పెన్సిలియం డిజిటేటమ్ పగలని తొక్కలోకి దూరలేదు. దానికి గాయం కావాలి, గోటి గీత చాలు. అందువల్ల కాయను లాగి పీకరు. కత్తెరతో కాస్త తొడిమ ఉంచి ముందు ఒక కోత, ఆ మిగిలిన తొడిమ పక్క కాయకు గుచ్చుకోకుండా మొదలంటా ఇంకో కోత. గోళ్లు పెంచిన చేయి కోతకు పనికిరాదు. మంచు ఆరాకే కోత మొదలుపెడతారు, ఎందుకంటే నీరు నిండి బిగిసిన తొక్కలో నూనె తిత్తులు కొద్దిపాటి నొక్కుకే పగిలి తొక్కను కాలుస్తాయి. కాయను పైనుంచి విసరరు, బుట్టలో గోనెగుడ్డ పరిచి ఉంచుతారు. నేలరాలిన కాయను కోసిన కాయల్లో కలపరు, మట్టి తగిలిన కాయతో ఫైటోఫ్తోరా కూడా బుట్టలోకి ఎక్కుతుంది. కుళ్లిన కాయ ఒక్కటి కనిపించినా దాన్ని గాలిలో దులపకుండా సంచిలో మూసి దూరంగా పాతిపెడతారు, దులిపితే ఆ ఆకుపచ్చ పొడిలోని బీజాలు కుప్ప మొత్తం మీద వాలతాయి. ఇలా కోసి, ఇలా ఏరిన కాయ ఏ మందులోనూ మునగకుండానే తెనాలి నిమ్మ మార్కెట్ దాకా చెడకుండా పోతుంది.